మట్టి పరీక్ష

అజ్మాన్‌ల పంతొమ్మిదేండ్లు
ఇసుకల పైళ్ళు దించినోన్ని నేను.
వాటి మీద ఎన్ని అంతస్తులు లేచినయో
ఎక్కి చూసింది లేదు.

పన్ను ఊడింది మాత్రం ఏ దెబ్బకూ కాదు.
గురువారం రాత్రి, క్యాంపుల,
పప్పుల నానిన ఖుబ్బూస్ ముక్క కొరికితే
దాంతోనే వచ్చింది,
తడి మట్టిల గుంజ ఊడొచ్చినట్టు.
నెత్తురు గూడ సరిగ రాలే.

స్క్రూ పన్ను పెట్టించుకుందామని
మూడు వేల దిర్హాములు కవర్ల పెట్టుకొని
నుఐమియాల క్లినిక్కుకు పోయిన.
డాక్టర్ ఇంతిసార్, సూడానామె,
వేళ్ళకు నల్లటి గోరింటాకు,
నా నోరు చూసే ముందు వేలు గుచ్చింది.
"కమ్ సుక్కర్?" అన్నది.
పొద్దున చాయ తాగిన, గందుకే ఎక్కువుంటదన్న.
"పొద్దుటి సంగతి కాదు రాజేశం,
మూడు నెలల సంగతి చెప్పే పరీక్ష ఉన్నది.
దానికి సాకులు తెల్వయి."

కాయితం మీద పది పాయింట్ నాలుగు.

"నీ బొక్క తీపిల నానుతున్నది.
ఇప్పుడు స్క్రూ దించితే పట్టుకోకపోవచ్చు,
పట్టుకున్నా చిగురు చీము పట్టి
ఎన్నడో ఒకనాడు ఇడిచిపెడ్తది.
పైసలు కవర్లనే ఉండనియ్యి."

కోపమొచ్చింది.
మెట్లు దిగుతుంటె నవ్వొచ్చింది.
ఇది నేను చెప్పే మాటనే గద!
సబ్‌ఖా నేల పైన పెచ్చు గట్టిగ,
బూటు కింద కరకర,
లోపలంత ఉప్పునీళ్ళు.
ఉప్పు ఇనుమును తింటదని తెల్సు గనీ
తీపి బొక్కను తింటదని
నాకెవ్వలు చెప్పలే.

కాంక్రీటు దిమ్మెలను
ఇరవై ఎనిమిది దినాలు నీళ్ళల్ల నానవెట్టి
అప్పుడు పగలగొట్టి చూస్తం.
ఒక ఇంజినీరు పదకొండో దినమే సంతకం పెట్టమన్నడు.
పెట్టిన.
ఆ గోడకు ఇప్పటికీ ఒక పగులున్నది,
మా బస్సు అటు పోయినప్పుడల్ల
నేను ఇంకో కిటికీ దిక్కు చూస్త.

పోచిరాం ఆగలే.
సెలవుల అగ్గువకు ఏడనో వేయించుకొచ్చిండు,
షుగరున్నదని చెప్పనే లేదు.
ఆరు నెలలకు అన్నంల దొరికింది స్క్రూ,
వడ్లగింజ కన్న కొంచెం పెద్దది.
పర్సుల పతాక కార్డు ఎనుక దాస్కున్నడు.
ఎవలన్న అడిగితే తీసి చూపిస్తడు,
"టైటానియం, భాయ్" అంటడు,
ఇంకేమనడు.

చక్కెర లేని కరక్ అడిగితే
హోటల్ కుంజిప్ప, డబ్బాపాల చెంచా గాలిలనే ఆపి,
నన్ను నిన్న విమానం దిగినోన్ని చూసినట్టు చూసిండు.
రాత్రి సేఫ్టీ బూట్లతోనే
క్యాంపు చుట్టూ పదకొండు చుట్లు.
నీళ్ళ ట్యాంకరు కాడి కుక్క
మొదటి వారం మొరిగింది,
తర్వాత ఎంట నడిచింది.
ఉపాసాల నెల, ఇఫ్తారు గుడారంల
అందరితోని కూసోని ఏడు ఖర్జూరాలు తిన్న.
డాక్టరుకు రెండని చెప్పిన.
నెత్తురు ఏడు రాసుకున్నది.

మూడు నెలలకు కాదు, ఆరు నెలలకు
ఏడు పాయింట్ మూడు.
దవడ మొద్దుబారినంక బర్మా తిరిగింది,
తలకాయంత మా రిగ్గు చప్పుడు.
నర్సు నీళ్ళు కొడ్తనే ఉన్నది;
డ్రిల్లు కింద నీళ్ళు ఆగితే కాలుతది,
మాకు గూడ గంతే.

"ఇంక నాలుగు నెలలు. బొక్క దాని చుట్టూ అల్లుకోవాలె.
నువ్వు ఏం చెయ్యనవసరం లేదు,
చెయ్యొద్దన్నయి చెయ్యకు, చాలు."

నిన్న పోయిన.
అద్దం కాడతోని స్క్రూ నెత్తి మీద టక్కుమనిపించింది.
మేం గూడ పైలు మీద చిన్న సుత్తెతోని కొట్టి
చూస్తం:
లోపల బోలున్నదా, గట్టిగున్నదా,
చప్పుడే చెప్తది.

కండ్లు మూసుకొని విన్న.
ఏసీ గురక. కింద సిగ్నలు కాడ ట్యాక్సీ హారన్లు.

"ఇంకొక్కపారి కొట్టు, డాక్టర్" అన్న.